అంకమ్మ నొప్పి

సోమల నుంచి అంకమ్మ మొదటిసారి మదనపల్లె ఆసుపత్రికి వచ్చింది ఎనభై మూడులో, చెనిక్కాయలు పీకే రోజుల్లో. అంతకుముందే క్యాన్సరని రాయవేలూరులో రొమ్ము తీసేశారు. ఆ తర్వాత కుడిచెయ్యి ఉబ్బి, భుజం బిగుసుకుపోయింది. తల దువ్వడానికి కూడా మొగుడు కృష్ణప్పే దిక్కు.

ఆసుపత్రిలో రోగులచేత వ్యాయామం చేయించే షంషాద్ ఆ చేతిని మెల్లగా నిమిరేది, పట్టీ చుట్టేది, గోడమీద వేళ్లను పైకి పాకించేది. ఉగాది నాటికి అంకమ్మ తన కొప్పు తానే ముడుచుకుంది.

వానలు మొదలయ్యాక ఆమెను మళ్లీ ఇద్దరు పట్టుకుని బస్సు దించారు. ఈసారి నడుము నొప్పి. ఎక్స్‌రే చూసిన డాక్టరు షంషాద్‌ను పక్కకు పిలిచాడు. జబ్బు వెన్నెముకకు పాకింది, ఎముక పెళుసైంది, వంచకూడదు. ఆసుపత్రిలో ఉన్న మాత్రలు ఆ నొప్పికి ఏ మూలకూ చాలేవి కావు.

"ఇంటికాడ నేనే వంగదీసి లేపతాండానమ్మా," అన్నాడు కృష్ణప్ప. "చెయ్యి బాగుపడలేదా? ఇదీ బాగవతాది. అరిసినా ఇడవలేదు. నొప్పయినా ఆపొద్దని నువ్వే కదమ్మా చెప్పింది."

షంషాద్ చెప్పింది నిజమే. భుజానికి చెప్పింది.

"అది చేతికప్పా. నడుము వంచొద్దు ఇంక."

"మరేం చేసేది?"

ఆమె దగ్గర ఉన్నది కాస్తే. మోకాళ్ల మధ్య దిండు పెట్టి, భుజమూ తుంటీ ఒక్కసారే కదిలేలా, కింది దుప్పటి పట్టుకుని పక్కకు తిప్పడం నేర్పింది. కృష్ణప్ప భయపడుతూ తిప్పాడు. అంకమ్మ పళ్లు బిగించి మూలిగింది, అరవలేదు.

"బాగవతాదా?" అంది అంకమ్మ, షంషాద్ మొహం చూస్తూ.

"తిప్పేటప్పుడు నొప్పి కొంచెం తగ్గతాది."

అంకమ్మ అడిగింది అది కాదు. అయినా మళ్లీ అడగలేదు.

వినాయక చవితికి ముందే ఆమె పోయింది. ఆ సంగతి చెప్పడానికి కృష్ణప్ప ఒక్కడే వచ్చాడు. షంషాద్ కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"నువ్వు చెప్పినట్టే తిప్పినానమ్మా. తిప్పినాక రవంతసేపు ఊరుకునేది. మళ్లా మూలిగేది. నేను ఆడనే కూసోనుంటి." మెట్ల దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు. "ముందు నేను వంచినందుకేనా, ఇంత బిరీన పోయింది?"

"కాదప్పా," అంది షంషాద్ వెంటనే.

అతను తలూపి మెట్లు దిగాడు. అవునో కాదో ఆమెకూ తెలియదు.