పాతరలో కేక

రండి పిల్లలూ, ముందుకు జరగండి. ఏమప్పా వీరభద్రా, గోడకు ఆనుకుంటే నిద్రొస్తుంది, ఈడికొచ్చి కూర్చో. ఆ, ఇంక వినండి.

నందికొట్కూరు దగ్గర ఒక ఊళ్లో గిడ్డమ్మ అని ఉండేది. మొగుడు శేషన్న. పల్లెల్లోకి సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్న రోజులవి. తెల్లవారితే గిడ్డమ్మ కసువూడ్చి, ఎనుముకు మేతేసి, జొన్నరొట్టెలు చేసి చేనికి పోయేది. పొద్దుగూకే వేళకు ఆమె రొమ్ములోని గడ్డ "గాలి... గాలి..." అని కేకేసేది. ఆ కేక విని దొడ్లోని సొరతీగ గడప దాటి ఆమె వైపు పాకేది. శేషన్న కొడవలితో కొనలు కోసి ఎనుము ముందర వేసేవాడు.

"గిడ్డక్కా, నీ గడ్డ అప్పుడే కేకేసిందే! నేనింకా పొయ్యి ముట్టించలే," అని పక్కింటి వెంకటేశ్వరమ్మ గోడమీంచి నవ్వేది.

ఊరికి అదేం వింత కాదు. సిగ్గల్లా గిడ్డమ్మదే. రొమ్ములో గడ్డని డాక్టరుకు ఏ మొహంతో చూపించేదని, పైటకింద పాతగుడ్డ బిగించి కట్టుకునేది. బిగించేకొద్దీ గడ్డ ఇంకా గట్టిగా అరిచేది. అరిచేకొద్దీ ఆమె ఇంకో చుట్టు చుట్టేది.

కూతురు సుజన తొలికాన్పుకు వచ్చి ఆడబిడ్డను కనింది. పాపను తొట్లలో వేసే రోజు డోన్ నుంచి బీగులు, అదే సుజన అత్తగారోళ్లు, వస్తాండారు. రైల్వే ఉద్యోగాల ఇల్లు.

"మా, ఈ పొద్దు నువ్వు ఆడోళ్ల నడుమ కూర్చోవద్దుమా. మా అత్త ముందర అది అరిస్తే నా తల యాడ పెట్టుకోవాల?" అనింది సుజన.

"కనపడన్లే మే," అనింది గిడ్డమ్మ.

దొడ్లో జొన్నల పాతర ఉంది. పాతరంటే గింజలు దాచే లోతు గుంత. మూసిపెట్టిన పాతరలో చెడ్డగాలి నిలుస్తుంది. అందుకే ముందు దీపం దించుతారు, అది ఆరిపోతే ఎవరూ దిగరు. ఆ పొద్దున్నే మూత తీసి గాలికి వదిలారు. దీపం సంగతి గిడ్డమ్మకు తెలియంది కాదు. కానీ దీపం దించితే నలుగురూ చూస్తారు, ఎందుకు దిగుతాండావంటారు. ఏమని చెప్పేది? అడుగున ఎంత అరిచినా పైకి వినపడదులే అనుకుని, చప్పుడు కాకుండా నిచ్చెన దిగిపోయింది.

తొట్లపాట మొదలైంది. అంతలో దొడ్లోంచి కేక: "గాలి! గాలి!" ఎన్నడూ అంత గట్టిగా అరవలేదు. సుజన, అమ్మ యాడుందో తలచలేదు. అత్త మొహమే చూసింది.

"పాడండమ్మా, ఇంకా గట్టిగా పాడండి!" అని ఆడోళ్లను తొందరపెట్టింది.

పాడారు. కేక సన్నబడింది. సుజనకు ప్రాణం నెమ్మదించింది.

అప్పుడు సొరతీగ పందిరి మీంచి పెరుక్కుని, ఆడవాళ్ల కళ్లముందే పాతరవైపు ఉరికింది. అత్త లక్ష్మీదేవమ్మ లేచి నిలబడింది.

"ఏమ్మే సుజనా, ఆడ పాతరలో మనిషికి ఊపిరాడకుంటే ఈడ పాటలేందే?"

శేషన్న దీపం దించాడు. సగం లోతుకే ఆరిపోయింది. దిగే దారి లేదు. లోపల గాలి కదిలేట్టు వేపమండలు తాడుకు కట్టి కిందికీ పైకీ ఆడిస్తూ, గిడ్డమ్మ నడుముకు చుట్టుకున్న తీగనే అందరూ పట్టి లాగారు. బీగుల పట్టుచీరలన్నీ మన్నుపాలయ్యాయి. పైకొచ్చిన గిడ్డమ్మ పెదాలు నల్లబడ్డాయి గానీ ఊపిరుంది.

కర్నూలులో చూసింది ఒక డాక్టరమ్మ. ఆమెను చూసి గిడ్డమ్మకు ఏడుపొచ్చింది. ఇన్నాళ్లూ సిగ్గుపడింది ఎవరికని?

"గడ్డ పెరిగేకొద్దీ దాని నడుమకు ప్రాణవాయువు అందదమ్మా," అంది డాక్టరమ్మ. "అందకుంటే అది చావాలి. చావకుండా కేకేస్తుంది. ఆ కేకకు ఒంట్లో రక్తనాళాలు తీగల మాదిరి అల్లుకుంటూ పోయి దానికి మేత పెడతాయి. ఆ కేకను పుట్టినచోటే ఆపే మందును ఇప్పుడిప్పుడే పరీక్షిస్తున్నారు. ఒప్పుకుంటే ఇచ్చి చూస్తాం. తర్వాత ఆపరేషన్."

"గుడ్డకట్టి మూయిస్తానే ఉంటి కదమ్మా?"

"నువ్వు మూయించింది మాకు వినపడకుండా."

మందు పడుతూంటే కేక కీచురాయి అంతయింది, ఆపైన అదీ లేదు. పిలిచేవాళ్లు లేక తీగ దొడ్లోనే ఉండిపోయింది. గడ్డ చిక్కిపోయింది, కోసి తీసేశారు. గిడ్డమ్మ బతికింది.

ఇంటికొచ్చాక సుజన, అమ్మ మొహం చూడలేక, వెనక కూర్చుని తల దువ్వుతాంది. గిడ్డమ్మ ఒళ్లో పాపను ఆడిస్తాంది.

"ఆ పొద్దు బాగా పాడినారు మే. నాకు లోపలికి శానా బాగా ఇనపడె."

సుజన చేతిలో దువ్వెన ఆగిపోయింది.

"దువ్వు మే," అనింది గిడ్డమ్మ. "చిక్కులుండాయి."

ఇంక లేవండి. సంగటి చల్లారిపోతాది, ఇళ్లకు పోండి. ముద్ద నోట్లో పెట్టుకునే ముందు, అమ్మ తినిందో లేదో అడిగి తినండి.