పదో మనిషి

నేను ఒక రాగి పళ్లాన్ని. నన్ను ఎన్నో ఏళ్లుగా ఒక సందేహం పీడిస్తోంది: దేవుడు లేడనే మనిషి, దేవుడే ఇచ్చాడని చెప్పుకునే నేల కోసం ఎందుకంత తపించిపోతాడు?

కొంకణ తీరాన, అలీబాగ్ దగ్గర, ఒక కంచరి నన్ను సుత్తితో కొట్టి తయారుచేశాడు. మోజెల్ అనే పెళ్లికూతురి సామానుతో సికింద్రాబాదు రైల్వే క్వార్టర్సుకు వచ్చాను. మోజెల్‌వాళ్లు యూదులు, తరతరాలుగా ఈ దేశంలోనే పుట్టి పెరిగినవాళ్లు. మొక్కు తీర్చుకునేటప్పుడు తీపి అటుకుల్లో కొబ్బరికోరు కలిపి, చుట్టూ పళ్లు పేర్చి, ఏలియా ప్రవక్తను తలుచుకుంటారు. దాన్ని మలీదా అంటారు. ఆ అటుకులు మోయడమే నా ఉద్యోగం.

మోజెల్ భర్త రూబెన్ లోకోషెడ్డులో ఫిట్టరు. ప్రార్థన అంటే నవ్వేవాడు. యూదులు పని ముట్టని శనివారం కూడా డ్యూటీకి పోయేవాడు. గోడ మీద మాత్రం ఇజ్రాయెల్ పటం అతికించుకున్నాడు. రేడియోలో ఆ పేరు వినబడితే చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయేది.

"దేవుడు లేడంటరు. మరి ఆ నేల మనదని ఎవరు చెప్పిండ్రు?" అని మోజెల్ అడిగేది.

"దేవుడితోని నాకేం పని? మనోళ్లను ఊరూరా తరిమిండ్రు. లోకంల ఒక్క తలుపన్నా మనది ఉండాలె."

"ఇక్కడ మనల్ని ఎవరు తరిమిండ్రు? ప్రవక్త రథం మా అలీబాగ్ రాతి మీదనే దిగిందంటరు. నాకు ఇదే పుణ్యభూమి. ఆ తలుపెనక ముందే ఎవరన్నా కాపురముంటే?"

రూబెన్ రేడియో గొంతు పెంచేవాడు.

కూతురికి టైఫాయిడ్ వచ్చినప్పుడు మోజెల్ మలీదా మొక్కుకుంది. పిల్ల లేచి తిరిగింది. కాని నిండు ప్రార్థనకు పదిమంది మగవాళ్లు కావాలి. రూబెన్‌ని కలుపుకుంటేనే ఆ ఊళ్లో మావాళ్లు పదిమంది అవుతారు. అతను కూర్చోనన్నాడు. పిల్ల పెళ్లీడుకొచ్చింది. మొక్కు అలాగే ఉండిపోయింది.

చివరికి వాళ్లకు ఇజ్రాయెల్ వెళ్లడానికి అనుమతి వచ్చింది. మోజెల్ పెట్టె సర్దలేదు.

"ప్రవక్తకు బాకీ పెట్టుకొని నేను సముద్రం దాటను. మీరు పోండ్రి."

ఆ ఆదివారం సాయంత్రం తొమ్మిదిమంది వచ్చి చాప మీద కూర్చున్నారు. రూబెన్ గుమ్మంలోనే నిలబడ్డాడు.

"నమ్మనోడిని ఎట్ల కూసోవాలె?" అన్నాడు.

"నువ్వు నమ్మకున్నా దేవుడు నిన్ను లెక్కల ఏసుకుంటడు. కూసో అల్లుడా, అటుకులు ఎండిపోతున్నయి," అన్నాడు మోజెల్ మేనమామ షాలోమ్.

అందరూ నవ్వారు. రూబెన్ నవ్వలేదు. జేబురుమాలు నెత్తిన కప్పుకుని వాళ్ల మధ్య కూర్చున్నాడు. అందరూ "ఆమేన్" అన్నప్పుడు అతని పెదవులు కదిలాయో లేదో, మోకాలి పక్కనే ఉన్న నేను కూడా చెప్పలేను.

మోజెల్ తొలి పిడికెడు అతని చేతిలో పెట్టింది. అతను చాలాసేపు నమిలాడు.

"అక్కడ ఈ అటుకులు దొరుకుతయా?" అన్నాడు మెల్లగా.

మోజెల్ కళ్లు తుడుచుకుంది. "మూట కట్టుకపోదం," అంది. నా అంచుకు అంటుకున్న ఆఖరి అటుకు దాకా అందరికీ పంచింది. తరువాత తల వంచి, ఇన్నేళ్లుగా మోసిన మొక్కును ప్రవక్తకు అప్పగించింది.