ఖాళీ బీడీ

కిటికీ గడియ సరిచూసి, ఊదుబత్తి వెలిగించి, లోపలి గది పరదా సరిచేసి యాస్మిన్ మళ్ళీ గుమ్మంలో కూర్చుంది. ఒళ్ళోని చాటలో కత్తిరించిన తునికాకు అలాగే ఉంది. పొద్దున్నుంచి రెండు కట్టల బీడీలు కూడా కాలేదు. పరదా వెనక, కిటికీ పక్క మంచంలో అత్త రబియాబీ మూలుగుతోంది. ఆ గది వాసన సందులోకి పోకూడదని ఇంట్లో మగవాళ్ళ కట్టడి. నాలుగు నెలలుగా ఆ కిటికీ తెరవలేదు.

రబియాబీకి గర్భసంచి ముఖద్వారంలో క్యాన్సర్. అది హైదరాబాద్ డాక్టర్లు చెప్పిన మాట. ఇంట్లో చెప్పుకునే మాట వేరు. సిద్దిపేటలో ఎవరడిగినా అల్సర్, చుట్టాలకూ అల్సర్, ఆఖరికి రబియాబీకి కూడా అల్సరే. అంతకుముందు ఏడాది పొడుగునా రక్తం పోతుంటే, ముట్లు ఆగిపోయిన మనిషికి ఇదేమిటని ఎవరూ అనుకోలేదు. పొద్దంతా కదలకుండా కూర్చుని బీడీలు చుట్టే ఆడవాళ్ళకు వేడి చేయడం మామూలే అనుకున్నారు. రబియాబీ సబ్జా గింజల నీళ్ళు తాగుతూ కూర్చుంది. దవాఖానకు పోయేసరికి, ఇంటికి తీసుకుపోయి మంచిగా చూసుకోండి అన్నారు.

"ఏంది యాస్మిన్, బిడ్డను బడికి తోలలేదా?"

వచ్చింది టీకాలేసే నర్సు యాదలక్ష్మి. భుజానికి మందులు చల్లగా ఉంచే డబ్బా. పద్నాలుగేళ్ళ ఆడపిల్లలకు ఈ క్యాన్సర్ రాకుండా బడిలో సూది వేస్తున్నారు. అందుకే మరిది నదీమ్ ఆమె కూతురు హీబాను ఇవాళ ఇంట్లో ఉంచమన్నాడు. హీబా మాత్రం యూనిఫాం వేసుకునే కూర్చుంది.

"గీ సందుల నీ బిడ్డొక్కతే మిగిలింది. జరసేపైతే మందు వాపస్ పోతది. నువ్వు సరే అంటెనే ఏస్త."

"జొరమొస్తే అక్కా? కండ్లు తిరిగి పడితే? రేపు పిల్లలు కాకపోతే?" యాస్మిన్ ఊపిరి తిప్పుకోకుండా అడిగింది. "గా బీమారి పురుగునే సూదిల వెడ్తరట గద. మా మరిది ఫోన్ల సూపెట్టిండు."

యాదలక్ష్మి డబ్బా దించి చతికిలబడింది. చాటలోంచి ఒక ఆకు తీసుకుని, పొగాకు వేయకుండానే చుట్టింది. కొస మడిచి దారం కట్టింది.

"పెండ్లి దాంక నేను గూడ మా అవ్వ పక్కన కూసొని చుట్టినదాన్నే. సూడు, బీడీ లెక్కనే ఉన్నదా?"

"ఉన్నది. గని ఖాళీది."

"అంటువెడ్తే పొగొస్తదా?"

"తంబాకు లేంది పొగెట్లొస్తది?"

హీబా పరదా వైపు చూసి నవ్వింది. "దాదీ నాకు గిట్లనే నేర్పింది. మొదాల తంబాకు ముట్టనియ్యలే. చెడిపోయిన ఆకులిచ్చి ఒట్టిగనే చుట్టమన్నది."

"గంతే బిడ్డా. పురుగు పైపొట్టు అసోంటిది బయట తయారు జేస్తరు. లోపట బీమారి వెట్టే సరుకే ఉండది. ఒట్టి ఆకు చుట్టి చుట్టి నీ చేతులు నేర్సుకోలే? ఒళ్ళు గూడ గా పొట్టును సూసి నేర్సుకుంటది. రేపు అసలుది వస్తే గుర్తువట్టి ఆపుతది."

"మరి కండ్లు తిరిగితే?" యాస్మిన్ వదలలేదు.

"సూది ఏసినంక కొద్దిసేపు మా తాననే కూసోవెడ్తం. చెయ్యి గుంజుతది. జర జొరం గూడ రావొచ్చు. నీకెందుకు అబద్ధం చెప్తా? మా ఆడబిడ్డ గూడ గిట్లనే భయపడి బిడ్డను ఇంట్ల వెట్టి తాళమేసింది. నా మాటనే ఇనలే ఆమె."

యాస్మిన్‌కు రెండు భయాలు. సూది వేయిస్తే ఏమవుతుందో! వేయించకపోతే, పరదా వెనక మంచంలో హీబా పడుకున్నట్టు కళ్ళముందు మెదిలింది.

సందులో బండి ఆగింది. నదీమ్ చెప్పులు విడవకుండానే గడప దగ్గర నిలబడ్డాడు.

"భాబీ, అన్న వద్దన్నడు గద? గజ్వేల్ కెల్లి రాంగనే ఏం జెప్తవు?" యాదలక్ష్మి వైపు తిరిగాడు. "మంచి ఇండ్ల ఆడిపిల్లలకు గిదెందుకు మేడం? గసోంటి బీమారి గసోంటోళ్ళకొస్తది."

పరదా వెనక మూలుగు ఆగింది.

"పెండ్లయి, ఒక్క మొగనితోని కాపురం జేసినామెకు గూడ వస్తది తమ్మీ," అంది యాదలక్ష్మి గొంతు తగ్గించి. "ఆయనకే తెల్వకుండ ఆయన తానికెల్లి రావొచ్చు."

"మా ఇంట్ల ఎవ్వరికున్నది? మా అమ్మీకి అల్సర్."

యాస్మిన్ చాట కింద పెట్టింది. నాలుగు నెలలుగా కుళాయి దగ్గరా, కిరాణా కొట్టులోనూ ఆ మాటే చెప్పిన నోరు అది.

"అల్సర్ గాదు," అంది. "క్యాన్సర్. బిడ్డ సంచిల."

"ఆయిస్త మాట్లాడు భాబీ! అమ్మీ ఇంటది!"

పరదా వెనక నుంచి గొంతు వచ్చింది. కొడుకులతో ఎప్పుడూ ఉర్దూలోనే మాట్లాడే రబియాబీ, నర్సుకు కూడా అర్థం కావాలనేమో, తెలుగులోనే అడిగింది.

"గసోంటోళ్ళంటే ఎసోంటోళ్ళురా, నదీమ్?"

నదీమ్ గడప మీంచి ఒక అడుగు వెనక్కి వేశాడు.

"యాస్మిన్, కిడ్కీ తెరువు. ఊపిరాడ్తలేదు."

"వద్దు భాబీ. అందరికి తెలుస్తది."

యాస్మిన్ లేచింది. గడియ బిగుసుకుపోయింది. అరచేత్తో రెండుసార్లు కొడితే ఊడింది. తలుపులు తెరుచుకోగానే ఊదుబత్తి పొగా, దాని కింద ఇన్నాళ్ళూ దాచిన వాసనా సందులోకి పోయాయి. కుళాయి దగ్గర ఆడవాళ్ళు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని ఇటే చూశారు.

ఇక హీబాకు సంబంధం ఎవరు ఇస్తారు? రాత్రి భర్త అహ్మద్ ఏమంటాడు? పిల్లకు జ్వరమొస్తే ఆ నింద ఎవరి మీద పడుతుంది? అయినా యాస్మిన్ బిడ్డ చెయ్యి పట్టుకుని, యాదలక్ష్మి వెంట బడికి పోవడానికి గడప దిగింది.

"ఆంటీ, దాదీకి గిప్పుడేస్తే బీమారి తక్కువగాదా?" హీబా పిడికిట్లో ఖాళీ బీడీ నలిగిపోయింది.

"గిది ముందుగాల ఏసుకునేది బిడ్డా. వచ్చినంక పనిజెయ్యది."

సందు మలుపులో యాస్మిన్ వెనక్కి చూసింది. నదీమ్ బయట నిలబడి కిటికీ తలుపు మూయాలని నెడుతున్నాడు. లోపలి నుంచి రబియాబీ ఎండిన చెయ్యి చాపి, ఊచల సందులోంచి ఆ తలుపుకు అడ్డం పెట్టింది.