వైకుంఠం సేటు షుగరు

వైకుంఠం సేటుకు షుగరు ఉందని ఉస్మాన్‌గంజ్‌లో అందరికీ తెలుసు. ఆ బజారులో ఆయన చింతపండు టోకు వ్యాపారి. రోజూ పది దుకాణాల గడపలు ఎక్కుతాడు. ఎక్కిన ప్రతిచోటా హోటలు నుంచి చక్కెర దండిగా పోసిన చాయ్ వస్తుంది. గంజ్‌లో చాయ్ వద్దంటే ఇచ్చిన మనిషినే వద్దన్నట్టు. సేటు మాత్రం చెయ్యి అడ్డం పెట్టి, "షుగరున్నది భాయ్" అంటాడు. అయ్యో పాపం అని వాళ్లు వదిలేస్తారు. భార్య నాగమణమ్మ పతిభక్తి కొద్దీ తానూ చక్కెర మానేసింది. ఏళ్ల తరబడి చప్పిడి చాయ్ తాగీ తాగీ ఆవిడ నాలుక ఎప్పుడో సన్యాసం పుచ్చుకుంది.

అటువంటి సేటు, దోస్తు బాలనర్సింహతో కలిసి నేపాల్‌లో ముక్తినాథ్ యాత్రకు పోయాడు. దర్శనమైన పూటే కడుపునొప్పితో మెలికలు తిరిగాడు. హెలికాప్టరులో పోఖరా ఆసుపత్రికి చేర్చి అపెండిక్సు ఆపరేషను చేశారు. గండం గడిచింది. ఇంతలో ప్రయాణ బీమా కంపెనీ అడ్డం తిరిగింది. ఈయనకు ఏళ్లుగా షుగరు ఉందట, పాలసీ తీసుకునేటప్పుడు దాచాడు, పైసా కట్టం అంది. బిల్లు తేలనిదే ఆసుపత్రివాళ్లు పంపరు. హెలికాప్టరుతో కలిపి అదంతా సొంతంగా కట్టాలంటే దుకాణం తాళాలు ఎవరికైనా ఇచ్చేయాల్సిందే.

నాగమణమ్మకు అన్నం సయించలేదు. మనిషి బతికి కూడా ఇంటికి రాలేకపోవడమేమిటని దేవుణ్ణీ కంపెనీనీ కలిపి తిట్టింది. చివరికి పక్క గల్లీలో ఉండే లాయరు స్రవంతి దగ్గరికి పోయింది. దుబాయిలోనో మక్కాలోనో జబ్బుపడి ఆసుపత్రుల్లో చిక్కుకుపోయినవాళ్ల కుటుంబాలు ఆ పిల్ల గుమ్మం ముందే కూర్చుంటాయి.

"షుగరున్నదని అక్కడి డాక్టరుకు ఎవరు చెప్పిన్రు పెద్దమ్మా?"

"బాలనర్సింహ. మంచికే చెప్పిండు బిడ్డా, గ్లూకోజు ఎక్కిస్తరేమోనని."

"మరి పాలసీ కాయితంల ఏ రోగం లేదని రాసిందెవరు?"

"ఆయననే."

"సేటు ఏం గోలీలు ఏసుకుంటడు?"

"దుకాణంల ఏసుకుంటడు."

"ఏ డాక్టరు రాసిచ్చిండు?"

నాగమణమ్మ వెనక్కి ఆలోచించింది. ఇన్నేళ్లలో ఒక్క చీటీ గానీ ఒక్క గోలీ గానీ తన కంట పడలేదు. సేటు తన సంగతి తాను చూసుకునే మనిషి గదా అని ఏనాడూ అడగలేదు. అడగనందుకు ఇప్పుడు సిగ్గేసింది.

స్రవంతి పోఖరా రిపోర్టు ముందుకు జరిపింది. "రక్తపరీక్షల షుగరు మామూలుగున్నది. మూడు నెలల సరాసరి గూడ గట్లనే ఉన్నది. గోలీలతోని తగ్గిందని కంపెనీ అంటున్నది. అసలు సంగతి సేటు నోటి నుంచి రావాలె."

వీడియో కాల్ కలిపారు. సేటు మంచం మీద దిండుకు ఆనుకుని ఉన్నాడు. పక్కనే బాలనర్సింహ నారింజ పండు ఒలుస్తున్నాడు.

"పెద్దనాయనా, నిజం చెప్పు. నీకు షుగరున్నదా?" అంది స్రవంతి.

సేటు ఒకసారి బాలనర్సింహ వైపు చూశాడు. గంజ్‌లో లక్షల సరుకు నోటిమాట మీద చేతులు మారుతుంది. ఇన్నేళ్లూ అబద్ధమాడానని ఒప్పుకుంటే రేపు ఆ మాటను ఎవరు నమ్ముతారు?

"ఉన్నది" అన్నాడు.

అప్పుడు నాగమణమ్మకు కనపడింది. సేటు ఉంగరం తిప్పుకుంటున్నాడు. ఆఖరి ధర కాని దాన్ని ఆఖరి ధర అని చెప్పేటప్పుడే ఆయన వేలు ఉంగరం మీదికి పోతుంది. షుగరు మాట వచ్చినప్పుడల్లా ఆ వేలు వైపు చూడాలని తనకెందుకు తట్టలేదో! ఫోను చేతిలోకి తీసుకుంది.

"ఉన్నదంటే మీరు ఆడనే ఉంటరు. లేదంటే ఇంటికొస్తరు. మీరు ఇంటికి రావాలె నాకు." ఫోను మొహానికి దగ్గరగా పెట్టుకుంది. "ఇగ చెప్పుండ్రి."

సేటు తల దించుకున్నాడు. "లేదు. పది చాయ్‌లు తాగితే కడుపుల మంట. వద్దంటే మనసులు నొచ్చుకుంటయి. షుగరంటే ఎవరూ బలవంతం చెయ్యరు."

"నాకన్న చెప్పొద్దా?"

"నీకు చెప్తే ఆండాలుకు చెప్తవు. ఆండాలుకు తెలిస్తే గంజ్ మొత్తం తెలుస్తది."

ఆండాలు బాలనర్సింహ భార్య. ఆ మాట నిజమే కాబట్టి బాలనర్సింహ దాన్ని పట్టించుకోలేదు. ఆయన బాధ వేరే ఉంది. "సేటూ, మా బిడ్డ పెండ్లిల నీ ఒక్కనికోసం చక్కెర లేని పాయసం వేరే వండిచ్చిన. నువ్వు రెండు గిన్నెలు తాగినవు." నారింజ తొన తన నోట్లోనే వేసుకుని, కాసేపు నమిలి స్రవంతితో అన్నాడు. "రాస్కో బిడ్డా. విన్నమాట చెప్పిన, చూసింది కాదు. దస్తకతు పెడ్త."

ఇద్దరి వాంగ్మూలాలూ, రక్తపరీక్షలూ జతచేసి స్రవంతి కంపెనీకి నోటీసు పంపింది. ఉన్న రోగాన్ని దాస్తే తప్పు, లేని రోగాన్ని ఎలా దాస్తారో దయచేసి వివరించండి అని అడిగింది. కంపెనీ కొంత నసిగింది, కొంత గునిసింది, చివరికి బిల్లు కట్టేసింది.

సేటు వచ్చేలోపే ఆండాలు తన పని తాను చేసింది. ఆయన దుకాణం తెరిచిన రోజు గంజ్‌లో ప్రతి దుకాణం గద్దె నుంచీ ఒక చాయ్ వచ్చింది. ఎవరూ ఒక్కమాట అనలేదు, చాయ్ మాత్రం పంపించారు. సరుకూ ఎప్పటిలాగే నోటిమాట మీదే వచ్చింది. సేటు అన్ని గ్లాసులూ ఖాళీ చేసి, కడుపు పట్టుకుని ఇల్లు చేరాడు.

ఇంట్లో నాగమణమ్మ రెండు గ్లాసులు పెట్టుకుని కూర్చుంది. తన దాంట్లో మూడు చెంచాల చక్కెర వేసి కరిగేదాకా తిప్పింది. రెండోది అలాగే ఆయన ముందుకు జరిపింది. సేటు రుచి చూసి, "నాకు షుగరు లేదు గద" అన్నాడు మెల్లగా.

"నాకెన్నడున్నది? ఇన్నేండ్లు మీకు తోడుగ చప్పిడిది తాగిన. ఇగ మీ వంతు."

సేటు గ్లాసెత్తి తాగాడు. నాగమణమ్మ తన తియ్యటి చాయ్ చప్పరిస్తూ, "ఎట్లున్నది?" అని అడిగింది.

"మస్తున్నది" అన్నాడు సేటు, ఉంగరం తిప్పుకుంటూ.