వంటగది గోడ

మా ఆయనకి చెముడు వచ్చాక మా ఇంట్లో పోట్లాటలు ఆగిపోయాయి. అందరూ నన్ను అదృష్టవంతురాలన్నారు. వాళ్ళకేం తెలుసు! నేనొకటంటే రెండు అంటించే మనిషి, చెవి మిషను గుయ్యిమంటోందని సొరుగులో పారేసి, కిటికీ దగ్గర కుర్చీలో వీధివైపు తిరిగి కూర్చోవడం మొదలుపెట్టారు. నేను వంటగదిలో ఎంత గొణిగినా నా ఎదురుగా ఉన్న గోడే వినేది. ఇల్లు చప్పబడిపోయింది. నిజం చెప్పొద్దూ, భయం కూడా వేసింది. ఈ మనిషి ఇలాగే మెల్లగా నాకు కాకుండా పోతారేమోనని.

మా కోడలిది, ఇంట్లో ఏది ఎక్కడుండాలో గీసి చెప్పే ఉద్యోగం. ఒక ఆదివారం పూటంతా మావగారి కుర్చీలో కూర్చుని ఇల్లంతా కలయజూసింది. మర్నాడే మేస్త్రీని పట్టుకొచ్చింది.

"అత్తయ్యా, పొయ్యి ముందున్న ఈ గోడని సగానికి కొట్టించేస్తున్నా."

"చక్కటి గోడకి ఏం రోగమే? నా వంట ఊరంతా చూడాలా?"

"ఊరంతా ఎందుకు, ఒక్కరు చూస్తే చాలు."

ఇది వినేరకం కాదు. గోడ నడుం ఎత్తుకి దిగింది. పొయ్యికి పైన కొత్త దీపం వెలిగింది. మావగారి కుర్చీని వంటగదివైపు తిప్పి, వెలుతురు ఆయన వెనకనుంచి వచ్చేట్టు వేసింది. ఆ దుమ్ము దులిపేసరికి మా తాతలు దిగొచ్చారు.

మర్నాడు పొద్దున్నే కూర కలుపుతూ అలవాటుగా గొణుక్కున్నాను. "ఈయన్ని కట్టుకుని నేనేం బావుకున్నాను!"

"ఏం తక్కువైందట? తిట్టుకోడానికి రెండు పూటలా ఎదురుగానే ఉన్నాగా!"

నా చేతిలో గరిటె ఆగిపోయింది. మా ఆయనే, కుర్చీలోంచి.

"వినబడిందా?" అన్నాను.

"చెవులెక్కడివి? నీ నోరు కనబడుతోంది. ఇన్నాళ్ళూ గోడే కనబడేది. దాని వెనక నువ్వేం తిడుతున్నావో నాకెలా తెలుస్తుంది? అయినా, నీ దగ్గర కొత్త తిట్లేమైనా ఉన్నాయా, అందుకోలేకపోడానికి?"

కోడలు పేపరు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. గోడ, దీపం, కుర్చీ ఎందుకో నాకప్పుడు తెలిసింది. ఏడుపొచ్చేసింది.

"ఏమేవ్, కూర మాడుతోంది!" అని కేకేశారాయన.

"మాడనివ్వండి. మీకదే పెడతాను," అన్నాను. మొహం ఎత్తి, ఒక్కో మాటా ఆయనకి బాగా కనబడేలా.