బొట్టు పెట్టిన స్విచ్చి

“దిగవే, సక్రం కూరుకుపోయింది. తొయ్యి” అనేవాడు చంటిబాబు, స్టీరింగ్ మీద నుంచి చెయ్యి తియ్యకుండానే.

సత్యలక్ష్మి దిగేది. పూడిమడక సముద్రం ఒడ్డున పడవల దగ్గర చేపలెత్తుకుని తారురోడ్డెక్కేలోపు వాళ్ళ పికప్పు వ్యాను ఇసకలో ఎక్కడో ఒకచోట కూలబడాల్సిందే. అప్పుడు నడుముకి పాతచీర ముక్క బిగించుకోవాలి, తాటాకులు చక్రం కింద దూర్చాలి, భుజం ఆనించి నెట్టాలి. ఐసు కరిగిన చేపల నీళ్ళు నెత్తిమీద కారుతుంటాయి. బండి కదిలాక ఆయనగారు ఆపడు. ఆపితే మళ్ళీ దిగబడిపోతుందట. రోడ్డు దాకా వెనకే పరుగెత్తాలి. అనకాపల్లి మార్కెట్లో మాత్రం “ఇసకలోంచి బండి తియ్యాలంటే మనమే మావా” అని చెప్పుకునేవాడు. పక్కనే గంప దించుకుంటూ ఆవిడ వినేది. ఒక్కోసారి నవ్వు కూడా వచ్చేది.

కొన్నాళ్ళుగా పొత్తికడుపులో ఏదో కిందికి జారుతున్నట్టుగా ఉంది. అత్త గురువమ్మకి చెబితే, “మేం తట్టలు నెత్తినెట్టుకుని అచ్చితాపురం దాకా నడిసీవోలం. బండెక్కి కూకునేదానివి, నీకేటి నొప్పులే?” అంది. అనకాపల్లిలో డాక్టరమ్మ చూసి, గర్భసంచి జారుతోందనీ, బరువులెత్తడం, తొయ్యడం ఆపకపోతే ఆపరేషన్ తప్పదనీ చెప్పింది. ఆ మాట మొగుడికి చెప్పడానికి సత్యలక్ష్మి సిగ్గుతో చచ్చిపోయింది. పాడయింది తన ఒళ్ళే అయినా, ఏదో తప్పు చేసినదానిలా తలొంచుకునే చెప్పింది. చంటిబాబు అంతా విన్నాడు. విని, ఆవిడ తలమీద చెయ్యి వేశాడు. “బండి సక్రాలకి లాకేయించేత్తానే, ఇసకలో దిగబడదు. ఇంక నువ్వు దాన్ని ముట్టుకోనక్కర్లేదు” అన్నాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ చెయ్యి అంత మెత్తగా ఎప్పుడూ పడలేదు. ఆవిడ ఏడ్చేసింది.

అనకాపల్లిలో చంటిబాబు స్నేహితుడు బెన్‌హర్‌కి మెకానిక్ షెడ్డుంది. బండిని జాకీ మీద లేపి, వెనక చక్రాల మధ్య ఇరుసుకి ఉన్న ఇనపగుండు మొగుడూపెళ్ళాలిద్దరికీ చూపించాడు. సత్యలక్ష్మిని అక్క వరసలో ‘అప్పా’ అంటాడు. “డిఫరెన్షియల్ అంటారప్పా. మలుపులో రెండు సక్రాలూ ఒక్కలాగ తిరక్కూడదు కదా, అందుకిది. ఇసకలో ఇదే మోసం సేత్తాది. పట్టు లేని సక్రాన్నే గిరగిరా తిప్పుతాది, పట్టున్నది అలాగే ఉండిపోద్ది. లాకేత్తే రెండూ కలిసే తిరగాల.” బండి వెనక నిలబడే మనిషికి ఆ సంగతి ఒకరు చెప్పాలా? ఒక చక్రం ఇసకని మొహం మీద చిమ్ముతుంటే, రెండోది రాయిలా కూర్చోవడం ఎన్నేళ్ళుగానో చూస్తూనే ఉంది.

“లోపల గేరు పళ్ళకి వెల్డింగు కొట్టెయ్‌రా, పీడ ఒదిలిపోద్ది” అన్నాడు చంటిబాబు.

“ఎప్పుడూ బిగుసుకునుంటే తారురోడ్డు మలుపుల్లో టైర్లు అరిగిపోవా?” అంది సత్యలక్ష్మి. బెన్‌హర్ ఆవిడ వైపు తిరిగాడు. అరిగిపోతాయన్నాడు. చక్రం జారగానే దానంతటదే పట్టేసే రకం ఇంకోటుందన్నాడు. అది పట్టుకునేలోపు చక్రం కాస్త తిరుగుతుందట. ఆ కాస్తలోనే మెత్తటి ఇసకలో గొయ్యి పడిపోతుందని ఆవిడకి తెలుసు. మూడోది కేబిన్లో స్విచ్చి ఉన్నది. ఇసకలో దిగేముందు నొక్కాలి, రోడ్డెక్కాక తీసెయ్యాలి. “స్విచ్చిదే” అంది. వైజాగ్ నుంచి తెప్పించాలన్నాడు బెన్‌హర్. చీర కొన్నా గిన్నె కొన్నా అత్తో మొగుడో ఖాయం చేసే ఇంట్లో, తన ఒంటికి పనికొచ్చే వస్తువొకటి తనే ఎంచుకుంది. ఆ రోజంతా ఒళ్ళు తేలిగ్గా ఉంది.

తర్వాతి వారం చంటిబాబు బండి తెచ్చి గుమ్మం ముందు ఆపి హారన్ కొట్టాడు. స్టీరింగ్ పక్కన కొత్త స్విచ్చి. నొక్కితే చిన్న ఎర్రలైటు. “నీకోసమేనే” అన్నాడు వీధంతా వినేలా. గురువమ్మ బుగ్గలు నొక్కుకుంది. “పెళ్ళాం నొప్పికి బండికి వైజేగు మందేయించిన మొగుణ్ణి నేనెక్కడా సూళ్ళేదమ్మా!” సత్యలక్ష్మి పసుపు రాసి, స్విచ్చికి కుంకుమ బొట్టు పెట్టింది. మొగుడికిష్టమని పీతల పులుసు వండింది. నడుముకి కట్టే చీరముక్క ఉతికి దాచేసింది.

మర్నాడు బండి దిగబడింది. స్విచ్చి వేశాడు, లైటు వెలిగింది. ఎడమ చక్రం ఇసక చిమ్ముతోంది. కుడి చక్రం రాయిలా కూర్చుంది. “కొత్తది కదా, సర్దుకోవాల. ఒక్కపాలి సెయ్యెయ్యి” అన్నాడు. వేసింది. ఆ మర్నాడూ వేసింది. ఆ వారమంతా స్విచ్చి మీద బొట్టు, చక్రం వెనక తను. చీరముక్క మళ్ళీ నడుముకెక్కింది. కేబిన్లో కూర్చున్నవాడికి కనిపించేది లైటు. వెనకున్నదానికి కనిపించేవి చక్రాలు. ఆ సంగతి చంటిబాబుకి ఎందుకో తట్టలేదు.

వారం తిరిగేసరికి, అతను మార్కెట్ దగ్గర టీ తాగుతుండగా ఆవిడ ఒక్కర్తే షెడ్డుకెళ్ళింది. “ఆ లాకు పనిసెయ్యట్లేదు, సూడు తమ్ముడూ” అంది.

బెన్‌హర్ నవ్వబోయి ఆగిపోయాడు. “బావ సెప్పలేదా అప్పా? లాకేయించలేదు. స్విచ్చీ లైటూ ఎట్టమన్నాడంతే.”

“మరి స్విచ్చి వైరు ఎక్కడికెళ్ళింది?”

“బల్బుకే.” చేతులకంటిన గ్రీజు తుడుచుకుంటూ నేల చూశాడు. “‘మా ఆడదానికి ఎర్రలైటు కనిపిత్తే సాలు, కుదుటపడిపోద్ది. తొయ్యడానికి ఇంట్లో మనిసుండగా లాకెందుకురా’ అన్నాడు. తరవాతైనా నీకు సెప్పేసుంటాడనుకున్నాను.”

ఇంటికెళ్ళే దారంతా చంటిబాబు హుషారుగా ఏదో చెబుతూనే ఉన్నాడు. ఆవిడ ఆ ఎర్రబొట్టునే చూస్తూ కూర్చుంది. డబ్బుల్లేవంటే ఊరుకునేది. కుదరదంటే తిట్టుకుని ఊరుకునేది. తన ఒంట్లోని నొప్పి విని, తలమీద చెయ్యేసి, ఇలా చేశాడు. తన పక్కన పడుకుని, ఆ పులుసన్నం తిని, రోజూ వెనక అద్దంలో తను ఒంగి నెట్టడం చూస్తూ, లోపల లైటు వేసుకు కూర్చున్నాడు. చీపురుతో కొట్టినా ఇంత అవమానం అనిపించేది కాదు. నేను నీకు మనిషినా, జాకీనా అని అడగాలనిపించింది. అడిగితే నవ్వేస్తాడు.

మర్నాడు పడవలు ఆలస్యంగా వచ్చాయి. పోటెక్కుతోంది. నిండా చేపలతో బండి తడి ఇసకలో కూలబడింది.

“దిగు, దిగు! నీళ్ళొచ్చేత్తన్నాయి!”

సత్యలక్ష్మి దిగింది. బండి వెనక్కి వెళ్ళలేదు. చుట్టూ తిరిగి మొగుడి కిటికీ దగ్గరికొచ్చింది.

“స్విచ్చి ఏసేవా మావా?”

“ఏసేనే!”

“లైటెలిగిందా?”

“ఎలిగింది, కనిపించట్లేదేటి? తొయ్యవే!”

ఒక అల వచ్చి వెనక చక్రాలు తడిపి వెళ్ళింది. ఆవిడ నడుముకున్న చీరముక్క విప్పి కిటికీలోంచి అతని ఒళ్ళో వేసింది. పొడి ఇసక దాకా నడిచి కూర్చుంది. చంటిబాబు హారన్ మీద చెయ్యి తియ్యడం లేదు. పడవల దగ్గరి వాళ్ళంతా తిరిగి చూస్తున్నారు.

“ఒసే, బండి ములిగిపోతాదే!”

“నా వైరు కూడా బల్బుకే ఇచ్చేసేను మావా” అంది సత్యలక్ష్మి, అందరికీ వినబడేలా. “ఎలగమంటే ఎలుగుతాను. తొయ్యను.”