గడ్డం మీద ఏడో మొటిమ

అద్దంలో చూసుకున్న సైన్సు టీచరు చేతిలోంచి బ్రష్షు జారి సింకులో పడింది: గడ్డం మీద ఏడో మొటిమ లేచింది.

నిన్నటికి ఆరే. సోమవారం ఆవిడ హెడ్‌మిస్ట్రెస్ కుర్చీ ఎక్కుతుంది. ఆ రోజు తీసే ఫొటో బడి వరండాలో, పాత హెడ్‌మిస్ట్రెస్‌ల పక్కన, ఎప్పటికీ వేలాడుతుంది. వాళ్ళలో ఒకావిడకి పిల్లలెవరో పెన్నుతో మీసాలు గీశారు. ఇవాళ్టికీ ఆవిడ మీసాల మేడమే. మొటిమల మేడం కావడం ఈవిడకి సుతరామూ ఇష్టం లేదు.

"యాభై దాటాక మొటిమలేంటమ్మాయ్, మళ్ళీ కాలేజీలో చేరావా?" అంది అత్తగారు.

"మీకు ఒంట్లోంచి ఆవిర్లొచ్చిన రోజుల్లో నేనేమన్నా అన్నానా అత్తయ్యా?"

"అనలేదు. చలేస్తోందని ఫ్యాను కట్టేశావు."

చర్మం డాక్టరు ముందే చెప్పింది. నెలసరి ఆగే వయసులో హార్మోన్లు తారుమారై, పొడిబారిన చర్మం మీద కూడా మొటిమలొస్తాయి. గిల్లకూడదు. ఘాటైన సబ్బు వద్దు. నూనె లేని క్రీమే రాసి, కొన్ని వారాలు ఓపిక పట్టాలి. టీచరు అన్నీ పాటించింది, మొటిమలు తగ్గాయి కూడా. ఈ వారం హఠాత్తుగా తిరగబడ్డాయి. ఎవరో వేలు పెట్టారు.

క్రీము డబ్బా మూత తీసింది. అడుగంటాల్సిన డబ్బా సగానికి పైగా ఉంది.

ఆరో తరగతికి ఆవిడ ఏటా చేయించే ప్రయోగమే ఇప్పుడు తనూ చేసింది. కాస్త క్రీము తెల్లకాగితం మీద రుద్ది, ఆరనిచ్చి, కిటికీ వెలుగుకి పట్టుకుంది. నీటి తడైతే ఆరిపోయేది. ఇది ఆరలేదు. మరకలోంచి కిటికీ వెలుగు మసకగా ఇవతలికి వచ్చింది.

నూనె.

"ఎవరి పని ఇది?" కాగితం పట్టుకుని హాల్లోకి వచ్చింది.

"నాకు చత్వారం. ఆ డబ్బా మూతెక్కడుందో కూడా తెలీదు," అంది అత్తగారు.

కుట్టుమిషన్లు బాగుచేసే భర్త తలెత్తలేదు. బాగానే తిరుగుతున్న చక్రాన్ని మళ్ళీ మళ్ళీ తిప్పుతున్నాడు.

"ఇటు చూడండి."

చూశాడు.

"నేనే. పోయిన వారం మొహం బిగుసుకుపోయింది, ఎండిపోయింది అన్నావు. బిగుసుకుపోయి నా చేతికొచ్చిన వాటన్నిటికీ నేను చేసే వైద్యం ఒకటే. మిషను నూనె కాదులే, అంత వెర్రివాణ్ణి కాదు. బాదం నూనె. నిన్న ఆరోది చూశాక నాకే అనుమానమొచ్చింది. అందుకే మీ బడి ఫొటోగ్రాఫర్ని కలిసి, ఫొటో వచ్చే నెలకి జరపమన్నాను. ముందు కుదరదన్నాడు. వాళ్ళావిడ మిషను నా కొట్లో విప్పదీసి ఉందని గుర్తుచేశాక, కుదిరింది."